గోడ రంగు చూశావా?

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ స్వీయచిత్రంలోని తెల్ల టోపీ గురించి నువ్వు రాసిన వాక్యం బాగుంది. కానీ మూడో పేరాలో "చిమ్మచీకటి నేపథ్యం ఆయన దివాలా బాధను చెబుతోంది" అన్నావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది.

లండన్ కెన్‌వుడ్ హౌస్‌లో ఉన్న ఆ స్వీయచిత్రంలో (1665 ప్రాంతంలో వేసింది) వెనక గోడ చీకటిగా లేదమ్మా. బూడిద, గోధుమ కలిసిన లేత రంగు. దాని మీద రెండు పెద్ద వలయాల వంపులు. చీకటంతా ఆయన తొడుక్కున్న అంగీలో ఉంది. పాత వార్నిష్ పచ్చబడుతుంది, అచ్చు కాపీల్లో ముదురు రంగులు మరీ నల్లబడతాయి, అది వేరే సంగతి. నువ్వు మాత్రం 1656లో ఆయన దివాలా తీశాడని చదివి, ఆ దుఃఖాన్ని తెచ్చి గోడకు పూశావు.

ఇది మన పత్రికలు మప్పిన జబ్బు. చిత్రకారుడి కన్నీళ్లు లేనిదే సంపాదకులకు వ్యాసం రుచించదు. నలుపు దుఃఖం, ఎరుపు కోపం అనే పట్టిక అవతల పారెయ్. ఈ బొమ్మలో ఉన్నవి సఫేదా (తెల్ల రంగు), మట్టి రంగులు, నలుపు, కాస్త ఎరుపు. నీలం కంటికి ఆనదు. ఇంత తక్కువ రంగులతో వేసినప్పుడు ఏ రంగు అని కాదు, ఎక్కడ ఎంత మందంగా పెట్టాడని అడగాలి.

ముందు కళ్లు సగం మూసి చూడు. టోపీ, ముఖం మిగులుతాయి, తక్కినదంతా వెనక్కి పోతుంది. తర్వాత దగ్గరికి వెళ్లు. టోపీ మీద సఫేదా కొద్ది స్ట్రోకుల్లో దట్టంగా పడింది. నుదుటి మీద, ముక్కు మీద రంగు పొరలు పొరలుగా పేరుకుంది. మీసం దగ్గర తడి రంగును కుంచె వెనక కొసతో గీరాడు. ఇప్పుడు ముఖాన్ని కాగితంతో కప్పి చెయ్యి వెతుకు. వేళ్లు దొరకవు! పాలెట్ (రంగులు కలుపుకునే పలక), కుంచెలు, చెయ్యి ఆనించుకునే కర్ర ఉన్నచోట గబగబా లాగిన గీతలే. ఎక్స్‌రేలో తేలిందేమంటే, మొదట అద్దంలో కనబడ్డట్టే వేసుకుని, తర్వాత కుంచె, పాలెట్ చేతులు మార్చాడు. తనను తాను అంత నిక్కచ్చిగా దిద్దుకుంటున్న మనిషిలో నాకు కనిపించేది ఏడుపు కాదు, ఏకాగ్రత.

వలయాల అర్థం అడిగావు. ఇప్పుడు దాని జోలికి పోకు. మూడో పేరా మళ్లీ రాసి పంపు. దివాలా మాట అందులో ఉండకూడదు.