పొద్దున వేసి వెళ్తే రాత్రికి వేడివేడి పెద్దకూర

ఇద్దరికీ ఉద్యోగాలు, పిల్లల్ని డేకేర్ నుంచి తెచ్చేసరికి ఆరున్నర, అప్పుడు పొయ్యి దగ్గర గంటసేపు నిలబడే ఓపిక ఎక్కడుంటుంది అక్కా అని ఈ మధ్యే అమెరికాలో మా ఒహాయోకి వచ్చిన ఒక చెల్లెలు అడిగింది. పన్నెండేళ్లుగా మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి చెప్తాను. స్లో కుక్కర్ కొనుక్కోండి, అంటే సన్న వేడి మీద గంటల తరబడి వండే కరెంటు గిన్నె. నలుగురున్న ఇంటికి ఆరు క్వార్టులది సరిపోతుంది. టైమ్ అయిపోగానే తనంతట తానే వార్మ్‌లోకి, అంటే వండటం ఆపి వేడిగా మాత్రం ఉంచే సెట్టింగ్‌లోకి మారేదే తీసుకోండి, ఎందుకంటే మనం ఇంట్లో లేని సమయం పది గంటల పైనే ఉంటుంది, కూరకి కావలసింది ఎనిమిది గంటలే.

మాది పెద్దకూర తినే ఇల్లు. గుంటూరులో ఆదివారం చర్చికి వెళ్లేముందు అమ్మ కట్టెలు వెనక్కి లాగి, సన్న సెగ మీద కూర పెట్టి వెళ్లేది. ఈ కుక్కర్ చేసేది కూడా ఆ సన్న సెగ పనే. పెద్దకూర తినని వాళ్లు హలాల్ షాపులో మేక భుజం ముక్కలు కొట్టించి ఇలాగే వండుకోవచ్చు. రూమ్మేట్స్‌తో ఉంటే మాత్రం ముందు వాళ్లని అడగండి, గిన్నెలు, గరిటెలు వేరుగా పెట్టుకోండి.

మాంసం దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. కొవ్వు లేని ముక్క మంచిదనుకుని కొంటే ఎనిమిది గంటల తర్వాత పీచులా ఎండిపోతుంది. చక్ రోస్ట్ అడగండి, అది భుజం దగ్గరి మాంసం, చవక కూడా. అందులో కనిపించే తెల్లటి నరాల్లాంటి భాగం నెమ్మదిగా కరిగి జిగురుగా మారుతుంది, గ్రేవీకి చిక్కదనం దానివల్లే వస్తుంది. రెండున్నర పౌండ్ల ముక్క కొని, ఇంట్లో మీరే పెద్ద నిమ్మకాయంత ముక్కలు కోసుకోండి.

పొద్దున పావుగంట ముందు లేవండి. ముక్కల్ని పేపర్ టవల్‌తో తడి లేకుండా అద్ది, వేడి నూనెలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, కదపకుండా వదిలేయండి. అడుగు ముదురు బెల్లం రంగుకి వచ్చాకే తిప్పాలి. అవి తీసేసి అదే బాణలిలో మూడు ఉల్లిపాయలు, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క వేయించి, ఉప్పు, కారం, పసుపు, ధనియాల పొడి కలిపి, అర గ్లాసు వేడినీళ్లు పోసి అడుగంటినదంతా గీకండి. రుచంతా ఆ గీకిన దాంట్లోనే ఉంటుంది. వెంట్ ఫ్యాన్ వేసుకోండి, లేకపోతే స్మోక్ అలారం మోగి నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చుంటారు.

కుక్కర్‌లో అడుగున నాలుగు బంగాళాదుంపలు, నాలుగు క్యారెట్లు పెద్ద ముక్కలుగా వేయండి, దుంపలు మాంసం కన్నా ఆలస్యంగా ఉడుకుతాయి. పైన మాంసం, ఆపైన బాణలిలోది, అంతే. ఇంకా నీళ్లు పోయకండి. ప్రెషర్ కుక్కర్ అలవాటుతో మొదటిసారి నేను నాలుగు గ్లాసులు పోశాను, సాయంత్రానికి చారులా తయారై పిల్లలు ముద్ద కూడా ముట్టలేదు, ఆ రాత్రి నాకు చాలా బాధేసింది. ఇందులో ఆవిరి పెద్దగా బయటికి పోదు, కూరగాయల నీళ్లే సరిపోతాయి. 'లో' (తక్కువ వేడి) సెట్టింగ్ మీద ఎనిమిది గంటలు. మధ్యలో మూత తీయకండి, తీసిన ప్రతిసారీ వేడి పోయి మళ్లీ ఎక్కడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డ మాంసం నేరుగా వేయకండి, వేడెక్కడానికి గంటలు పట్టి ఈలోపు క్రిములు పెరుగుతాయి, ముందురోజే ఫ్రిజ్‌లోకి మార్చుకోండి. రాజ్మా కలపాలనుకుంటే నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే గిన్నెలో పది నిమిషాలు తెర్లించి వేయండి. పచ్చి రాజ్మాలో విషపదార్థం ఉంటుంది, స్లో కుక్కర్ వేడికి అది పోదు, వాంతులు పట్టుకుంటాయి.

సాయంత్రం రాగానే రైస్ కుక్కర్ పెట్టేయండి. గరిటె అంచుతో నొక్కితే ముక్క విడిపోవాలి, విడిపోకపోతే 'హై' సెట్టింగ్ మీద ఇంకో అరగంట. గోంగూర వేయాలనిపిస్తే విడిగా మగ్గించి ఇప్పుడే కలపండి, పొద్దునే వేస్తే ఆ పులుపుకి దుంపలు సరిగా ఉడకవు. పచ్చి బఠాణీలు, గరం మసాలా, కొత్తిమీర కూడా ఇప్పుడే. పైన తేలిన నూనె గరిటెతో తీసేసుకోవచ్చు.

మిగిలింది రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు స్టవ్ మీదే బాగా మరిగించాలి, స్లో కుక్కర్‌లో కాదు. రెండోరోజు ఇంకా బాగుంటుంది, మా పెద్దాడు చపాతీలో చుట్టుకుని స్కూలుకి పట్టుకెళ్తాడు.