కిట్వే వెళ్ళే మేనల్లుడికి

చిరంజీవికి,

నీ కాగితాలు రెండుసార్లు చదివాను. జాంబియాలోని కిట్వేలో గనుల పంపుల మరమ్మతు షెడ్డు పెట్టాలన్న ఆలోచన మంచిదే. కొంకోలా లాంటి రాగి గనిలో నీళ్ళు తోడటం ఆగితే రాగి సంగతి మరిచిపోయి చేపలు పెంచుకోవాలి. పంపు బాగుచేసేవాడికి అక్కడ పనికి లోటుండదు. అయితే నువ్వు రాసిందంతా పని ఎలా దొరుకుతుందనే. డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్న మాట ఒక్క పేజీలోనూ లేదు. అక్కడి రాగి గనుల ప్రాంతం కాపర్‌బెల్టులో పంతొమ్మిదేళ్ళు లెక్కలు రాసినవాడిగా నాకు తెలిసింది ఆ ఒక్కటే.

రాజధాని లుసాకాలో పెట్టుబడిదారులను ఆహ్వానించే అధికారులు నిన్ను బాగానే చూసుకుంటారు. మురిసిపోకు. పెళ్ళిచూపుల్లో అందరూ మర్యాదస్తులే.

2020 నవంబరులో జాంబియా 4.25 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. కోవిడ్ మొదలయ్యాక అలా బాకీ తప్పిన మొదటి ఆఫ్రికా దేశం అదే. అందరూ నెపం కరోనా మీదికి తోశారు. నేను ఒప్పుకోను. 2012 నుంచి 2015 లోపు మూడు విడతల్లో 300 కోట్ల డాలర్ల బాండ్లు, అంటే అప్పు పత్రాలు, విదేశాల్లో అమ్మారు. మొదటి విడతకు వడ్డీ 5.375 శాతం, మూడో విడతకు దాదాపు 9. అప్పిచ్చేవాడికి అనుమానం ఎప్పుడు మొదలైందో అందులోనే కనిపిస్తుంది. చైనా నుంచి తెచ్చిన అప్పు వేరే. ఆ లెక్క తేల్చి చూపించలేదని బాండ్లు కొన్నవాళ్ళు వాయిదాకు ఒప్పుకోలేదు.

దానికి మూడు నెలల ముందు, ఆగస్టులో, కేంద్ర బ్యాంకు గవర్నర్ డెన్నీ కాల్యాల్యాను ఉన్నట్టుండి తీసేశారు. వద్దని చెప్పగల మనిషిని కుర్చీలోంచి లేపారంటే రావాల్సిన బిల్లులున్నవాడు ఆ రాత్రే లెక్క చూసుకోవాలి. 2021 ఎన్నికల్లో హకైండే హిచిలేమా అధ్యక్షుడిగా గెలిచాక కాల్యాల్యానే మళ్ళీ పిలిచి కూర్చోబెట్టారు. అదీ ఒక కబురే.

నేను మాత్రం ఆలస్యంగా మేలుకున్నాను. 2019 మొదట్లో ఒక ప్రభుత్వ కార్యాలయానికి మేము జనరేటర్లు ఇచ్చాం. పేరెందుకులే. డాలరుకు అక్కడి డబ్బు 12 క్వాచాలున్నప్పుడు రాసిన బిల్లు, 22 దాటాక చేతికొచ్చింది. అంకెలో ఒక్క క్వాచా తగ్గలేదు, విలువ మాత్రం సగమైంది. లంచం ఎవరూ అడగలేదు. బల్ల దగ్గరి అమ్మాయి వెళ్ళిన ప్రతిసారీ మా ఇంట్లోవాళ్ళందరి క్షేమం అడిగి, తరవాత వచ్చే వారం రమ్మనేది. ఆ రెండేళ్ళూ అసలీ దేశానికి ఏమైందని వాపోయాను గానీ, ఆ కార్యాలయం అంతకుముందు ఎవరికి ఎన్ని నెలలకు చెల్లించిందని ఒక్కరినీ అడగలేదు. తప్పు నాదే.

నువ్వు అడుగు. గని గేటు బయట టైర్లవాడిని, క్యాంటీన్ కాంట్రాక్టరును, కూలీలను తెచ్చే మినీ బస్సు యజమానిని అడుగు. గని కొత్త యజమాని ఎవరన్నది పత్రికల్లో వస్తుంది, పాత బాకీలు తీర్చాడా అన్నది వీళ్ళకే తెలుస్తుంది. అక్కడ గనులు చేతులు మారుతూనే ఉంటాయి. కొంకోలా గనులను 2019లో వేదాంత చేతిలోంచి లాగి, కంపెనీని మూసి బాకీలు తేల్చే లిక్విడేటర్‌కు అప్పగించారు, 2023లో తిరిగి ఇస్తామన్నారు. మోపానీ గనులను 2021లో గ్లెన్‌కోర్ అనే విదేశీ కంపెనీ దగ్గర ఒక్క డాలరుకు ప్రభుత్వ కంపెనీ కొన్నది, వెంట 150 కోట్ల డాలర్ల అప్పు నెత్తికెత్తుకుంది. 2024లో అందులో 51 శాతం ఎమిరేట్స్ కంపెనీకి వెళ్ళింది. ప్రతి మలుపులోనూ ముందు ఆగేది నీలాంటి చిన్నవాడి బిల్లు. మనదేశం మనిషి కంపెనీ కదా అని అక్కడెవరి దగ్గరా వేదాంతను వెనకేసుకు రాకు. కొంకోలా గనులున్న చింగోలా దగ్గరి పల్లెలవాళ్ళు తమ నీళ్ళు పాడయ్యాయని వేదాంత మీద వేసిన కేసును ఇంగ్లండులోనే విచారించవచ్చని 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక కాంట్రాక్టు. స్పేర్లు గనివాళ్ళనే కొనమను, నువ్వు కూలి మాత్రం తీసుకో. లాభం తగ్గుతుంది, నిద్ర పడుతుంది. డాలర్లలో బిల్లు రాయడాన్ని 2012లో నిషేధించి 2014లో ఎత్తేసిన దేశం అది. నువ్వు సంతకం పెట్టే రోజున నిబంధన ఏమిటో బ్యాంకులో కనుక్కో.

చూసి రావడానికి జులైలో వెళ్తానన్నావు. అప్పుడు వాతావరణం చల్లగా, హాయిగా ఉంటుంది, అన్నీ నచ్చుతాయి. అక్టోబరులో వెళ్ళు. వాన ఇంకా పడదు, ఎండ మాడ్చేస్తుంది. 2024 కరువులో, కరెంటుకు ఆధారమైన కరీబా జలాశయం అడుగంటి దేశమంతా చీకట్లో గడిపింది. షెడ్డు అద్దె మాట్లాడేముందు ఆ వీధిలో వెల్డింగు చేసేవాడు కరెంటు గురించి ఏమంటాడో విను.

ఆరు నెలలు ఒక్క బిల్లూ రాకపోతే పనివాళ్ళకు జీతాలు ఎక్కడినుంచి ఇస్తావో నీ ఖర్చుల పట్టీలో ఒక వరుస రాసి పంపు. అది చూశాకే మీ అమ్మతో మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మావయ్య