కెర్నెల్‌కి పేరు పెట్టే ముందు దాన్ని నలుగురి చేత ఇంగ్లిషులో రాయించి చూడండి

“మేం నలుగురం కలిసి సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ రాస్తున్నాం, గంభీరంగా ఉండే తెలుగు పేరు చెప్పండి” అని అడిగారు. (తెలియనివాళ్లకి: కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ, హార్డ్‌వేర్‌ని నేరుగా నడిపించే ప్రోగ్రాం.) ఆ ‘గంభీరంగా’ అన్న మాట చూశాక ఊరుకోలేకపోయాను.

మాదీ అదే కథ. 2014, ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది, విశాఖ మద్దిలపాలెంలో అద్దె గది, నలుగురం. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయవు, కిటికీ అద్దాలు ఎక్కడికి పోయాయో తెలీదు. ల్యాప్‌టాప్‌లలో చార్జింగ్ అయిపోయింది. కోడ్ రాసే వీలు లేదు కాబట్టి కొవ్వొత్తి చుట్టూ కూర్చుని పేరు గురించి కొట్టుకున్నాం. పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ దగ్గర బకెట్లతో లైన్లో నిలబడి కూడా అదే గొడవ. ఒకడు వజ్ర అన్నాడు, ఇంకొకడు అగ్ని అన్నాడు. మూడోవాడు తనకి నచ్చిన అమ్మాయి పేరు పెడదామన్నాడు, అదీ ఆ అమ్మాయికి చెప్పకుండా. ఇదేం కొత్త తెలివి కాదులెండి. గ్నూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ దాని కెర్నెల్‌కి మొదట అనుకున్న పేరు ఆలిక్స్, అప్పటి ఆయన గర్ల్‌ఫ్రెండ్ పేరు. తీరా ఆ కెర్నెల్ కోడ్ రాసే బుష్నెల్ అనే ఆయనకి హర్డ్ అన్న పేరు నచ్చింది. ఆలిక్స్ కెర్నెల్లో ఒక ముక్కకి మాత్రం మిగిలింది. ఆ జంటా విడిపోయింది, డిజైన్ మారి ఆ ముక్కా పోయింది.

చివరికి విశ్వకర్మ అని ఖాయం చేశాం. గంభీరమే కదా! కరెంటు వచ్చాక పని మొదలుపెట్టాం.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఇలా సొంతంగా రాసే కెర్నెల్ మామూలుగా మొదట తెరమీద అక్షరాలు చూపించేది టెక్స్ట్ మోడ్‌లో. వరుసకి 80 అక్షరాలు, 25 వరుసలు, అన్నీ ఇంగ్లిషు. ఒత్తులూ గుణింతాలూ దానికి తెలీవు. కాబట్టి ఎంత అచ్చ తెలుగు పేరైనా బతకాల్సింది ఇంగ్లిషు అక్షరాల్లోనే. మన వాళ్లు ‘శ’కి ఒకరు ఎస్ రాస్తారు, ఒకరు ఎస్‌హెచ్ రాస్తారు. ‘వ’ ఒత్తుకి కొందరికి వి, కొందరికి డబ్ల్యూ. మా నాన్న పేరు మూడు కార్డుల్లో మూడు రకాలుగా ఉంది. ఇప్పటికీ ఏ పని మీద వెళ్లినా ఆ ముగ్గురూ ఒక్కడేనని అఫిడవిట్ ఇవ్వాలి.

మాకు కీబోర్డ్ ఇంటరప్ట్ దగ్గర, అంటే మీట నొక్కారని కెర్నెల్‌కి కబురందే చోట, పని ఆగింది. మీట నొక్కితే ఒక్క అక్షరం వస్తుంది, రెండోది రాదు. మూడు రాత్రులు కూర్చున్నాను. కోడ్ మారుస్తాను, బిల్డ్ చేస్తాను, బూట్ చేస్తాను, మళ్లీ అదే ఒక్క అక్షరం. మూడో రాత్రి రెండింటికి, విసుగెత్తి, బూట్ ఫోల్డర్లో ఏమున్నాయో చూద్దామని, ఫైళ్ల పేర్లు చూపించే ఎల్ఎస్ కమాండ్ కొట్టాను. రెండు విశ్వకర్మలు! ఒకటి ఎస్‌తో, ఒకటి ఎస్‌హెచ్‌తో. కెర్నెల్‌ని ఎలా కట్టాలో చెప్పే మేక్‌ఫైల్లో నేను “సరిగ్గా” ఎస్‌హెచ్ పెట్టాను. మిషన్ ఆన్ చేస్తే ఏ కెర్నెల్‌ని లేపాలో చెప్పే గ్రబ్ ఫైల్లో మావాడు అంతకుముందు రాసిన ఎస్ అలాగే ఉంది. అంటే నేను రోజూ కొత్త కెర్నెల్ కడుతున్నాను, మిషనేమో నాలుగు రోజుల కిందటి పాతదాన్నే లేపుతోంది. పక్కవాణ్ణి నిద్రలేపి చూపిస్తే “ఏట్రా ఇది, నీకు స్పెల్లింగ్ కూడా రాదా?” అని నన్నే తిట్టి అటు తిరిగి పడుకున్నాడు. ఇంటరప్ట్ కోడ్ మొదటి రాత్రే సరైపోయింది. అది నాకు తెలిసింది మూడో రాత్రి.

మర్నాడు సాయంత్రం ఆర్కే బీచ్‌లో, సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్, తింటున్నాం. మావాడు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, నూనె అంటిన వేళ్లతోనే ఫోల్డర్ మొత్తం కొత్త పేరుతో కాపీ చేశాడు. ఏం పేరు పెట్టావురా అంటే పొట్లం చూపించాడు. మురి. ఇంగ్లిషులో నాలుగే అక్షరాలు, ఎవడు రాసినా ఒకేలా రాస్తాడు. అంతే, మళ్లీ ఎవరూ నోరెత్తలేదు.

నా లెక్కలో పేరు పెట్టేది కెర్నెల్ రాసినవాడు కాదు, ఫోల్డర్ తెరిచినవాడు. లైనక్స్ సంగతీ అంతే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నెల్‌కి పెట్టుకున్న పేరు ఫ్రీయాక్స్. దాన్ని అందరూ డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టిన ఎఫ్‌టీపీ సర్వర్ చూసుకునే ఆరి లెమ్కేకి ఆ పేరు నచ్చలేదు. తనే లైనక్స్ అని డైరెక్టరీ తెరిచాడు. ఫ్రీయాక్స్ ఎవరికి గుర్తుంది? మా ఊరి సంగతే చూడండి. బోర్డుల మీద విశాఖపట్నం, రైల్వే వాళ్లకి ఒకప్పుడు వాల్తేరు, ఆటో ఎక్కితే వైజాగ్. హుద్‌హుద్ అన్నది కూడా ఒమన్ ఇచ్చిన పిట్ట పేరు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, అయినా మా వీధిలో ఇప్పటికీ ఏ సంగతైనా “హుద్‌హుద్‌కి ముందు, హుద్‌హుద్ తర్వాత” అనే చెప్పుకుంటారు.

మీకు నేరుగా పేరు చెప్పను. మీ నలుగురూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా అనుకున్న పేరుని ఇంగ్లిషులో రాయండి. రెండు స్పెల్లింగులు వచ్చాయంటే దాన్ని వదిలేయండి. ఇంకోటి, దయచేసి ఫుల్‌ఫారాల జోలికి పోకండి. హర్డ్‌లో మొదటి అక్షరం విప్పితే హిర్డ్ అట, హిర్డ్‌లో మొదటి అక్షరం విప్పితే మళ్లీ హర్డ్ అట. కాలేజీలకి ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో గానీ, ఫుల్‌ఫారం లేకపోతే ప్రాజెక్టే కాదన్నట్టు చూస్తారు.

మా డెమో రోజున ఎగ్జామినర్ తెర వంక చూసి మొదట అడిగింది అదే: “మురి అంటే ఫుల్‌ఫారం ఏంటి?” పొట్లం సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు. మావాడు రెప్ప వేయకుండా “మల్టీ యూజర్ రియల్‌టైమ్ ఇంటర్‌ఫేస్ సార్” అన్నాడు. ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు.

“మల్టీ యూజరా? ఏదీ, రెండో యూజర్‌తో లాగిన్ అవ్వు బాబూ, చూద్దాం.”