సందేహాలు – సమాధానాలు: పరిణామం, రూపకల్పన, మనస్సు

ప్రశ్న: బ్యాక్టీరియా ఈదడానికి వాడుకునే తోకవంటి కశాభంలో ఏ ఒక్క భాగం తీసివేసినా అది పనిచేయదని చదివాను. భాగాలన్నీ అమరితే తప్ప ఉపయోగపడని యంత్రం అంచెలంచెలుగా ఎలా ఏర్పడుతుంది? ఒక ప్రజ్ఞావంతమైన శక్తి దానిని రూపొందించిందంటే శాస్త్రవేత్తలు ఎందుకు ఒప్పుకోరు?

జవాబు: ఈ వాదానికి ప్రాచుర్యం తెచ్చినవారు అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బెహే. 1996లో వెలువడిన తన పుస్తకంలో ఆయన దీనిని ‘కుదించ వీలులేని సంక్లిష్టత’ అన్న అర్థంలో ప్రతిపాదించారు. ‘ఇంటెలిజెంట్ డిజైన్’ (ప్రజ్ఞాపూర్వక రూపకల్పన) వాదానికి నేటికీ ఇదే ఆయువుపట్టు. ఒక్కమాటలో కొట్టిపారేయదగిన వాదం కాదిది. కశాభం నిజంగానే ఒక మోటారు. కణత్వచం గుండా లోపలికి ప్రవహించే ప్రోటాన్ల బలంతో అది సెకనుకు వంద చుట్లకు పైగా తిరుగుతుంది, దాని నిర్మాణంలో పదుల రకాల ప్రొటీన్లు పాలుపంచుకుంటాయి.

అయితే ఆ వాదం పైకి చెప్పని ఒక ఊహ మీద నిలబడి ఉంది. ఒక భాగం ఈనాడు చేస్తున్న పని తప్ప మరో పని ఏనాడూ చేసి ఉండదన్నదే ఆ ఊహ. కశాభం పెరిగే తీరు చూస్తే ఈ ఊహ ఎంత బలహీనమైనదో తెలుస్తుంది. దాని పొడవాటి పోగు లోపల బోలుగా ఉంటుంది, పెరుగుదల కొస దగ్గర జరుగుతుంది. కణంలో తయారైన ప్రొటీన్లను పోగు మొదలు దగ్గర ఉన్న ఒక ఎగుమతి యంత్రాంగం ఆ బోలులోకి నెడితే, అవి కొసదాకా ప్రయాణించి అక్కడ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఈ ఎగుమతి యంత్రాంగానికి దగ్గరి జ్ఞాతి ప్లేగు బ్యాక్టీరియాలో ఉంది. ఈతతో దానికి సంబంధమే లేదు. ఇతర జీవుల కణాలలోకి హానికరమైన ప్రొటీన్లను ఎక్కించడం దాని పని. అంటే కశాభంలోని కొన్ని భాగాలు, మిగిలిన భాగాలు లేకుండానే, ఒక పూర్తి ప్రయోజనాన్ని నెరవేర్చగలవు.

ఇక్కడ పరిణామవాదుల ఉత్సాహానికీ కొంత కళ్ళెం వేయాలి. ప్లేగు బ్యాక్టీరియాలోని ఆ యంత్రాంగమే కశాభానికి పూర్వరూపమని కొందరు రాసేస్తుంటారు. జన్యువుల పోలికలు సూచించేది దాదాపు దీనికి విరుద్ధం. కశాభం నుంచే అది విడివడి ఉండే అవకాశం ఎక్కువ. కనుక అది పూర్వీకుడని చెప్పలేం. భాగాలు తగ్గితే వ్యవస్థ వ్యర్థమవుతుందన్న సూత్రాన్ని మాత్రం అది పూర్వపక్షం చేస్తుంది, బెహే వాదం నిలబడడానికి కావలసినది ఆ సూత్రమే.

శాస్త్రవేత్తలు ఒప్పుకోకపోవడానికి అసలు కారణం మరొకటి ఉంది. రూపకర్త ఎప్పుడు, ఏ అణువును, ఏ విధంగా మార్చాడో ఆ వాదం చెప్పదు. చెప్పకపోవడం వల్ల ఏది కనుగొన్నా దానికి ఇబ్బంది కలగదు, ఇబ్బందే లేని చోట పరీక్షకు తావుండదు. బెహే అభిమానులలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: మనిషికీ చింపాంజీకీ ఉమ్మడి పూర్వీకులున్నారని ఆయన అంగీకరిస్తారు. ఆయన పేరు చెప్పి ‘కోతి నుంచి మనిషి రావడం అబద్ధం’ అనేవారు ముందుగా ఆయనతోనే వాదించుకోవలసి ఉంటుంది.

ప్రశ్న: అమెరికాలో ఒక కోర్టు ఇంటెలిజెంట్ డిజైన్‌ను నిషేధించిందట. శాస్త్ర విషయాలను కోర్టులు తేల్చవచ్చా?

జవాబు: నిషేధించలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ పాఠశాలల బోర్డు 2004లో, జీవశాస్త్ర తరగతిలో పరిణామ పాఠానికి ముందు ఇంటెలిజెంట్ డిజైన్‌ను ప్రత్యామ్నాయంగా ప్రస్తావించే ఒక ప్రకటన చదివి వినిపించాలని నిర్ణయించింది. తల్లిదండ్రులు కొందరు కోర్టుకెక్కారు. 2005 డిసెంబరు 20న న్యాయమూర్తి జాన్ జోన్స్ ఆ నిర్ణయం మతప్రేరితమనీ, ప్రభుత్వ పాఠశాలలో అది రాజ్యాంగ విరుద్ధమనీ తీర్పు చెప్పారు. బోర్డు సిఫారసు చేసిన పుస్తకం పాత ముసాయిదాలలో ‘సృష్టి’ అని ఉన్న చోట్ల, 1987లో సుప్రీంకోర్టు సృష్టివాద బోధనకు అడ్డుకట్ట వేసిన తర్వాత, ‘డిజైన్’ అన్న మాట వచ్చి చేరినట్లు విచారణలో బయటపడింది. తన నిర్వచనం ప్రకారం చూస్తే జ్యోతిషం కూడా శాస్త్ర సిద్ధాంతమే అవుతుందని సాక్షిగా వచ్చిన బెహే ఒప్పుకోవలసి వచ్చింది. ఇవన్నీ ఆసక్తికరమైనవే. కాని కశాభం ఎలా వచ్చిందో చెప్పడానికి తీర్పు సాక్ష్యం కాదు, దానిని అలా ఉటంకించడం నాకు నచ్చదు.

ప్రశ్న: శరీరం పరిణామం వల్ల వచ్చిందనే ఒప్పుకుందాం. మెదడును ఎంత కోసి చూసినా నొప్పి, ఎరుపు రంగు అనుభవం, ఒక ఆలోచన కంటికి కనిపించవు కదా. ప్రకృతి వరణాన్ని డార్విన్‌తో పాటు కనుగొన్న వాలెస్ కూడా మనస్సు దానివల్ల రాలేదన్నాడట. భౌతికం కాని మన మనస్సు వెనుక ఒక మహామనస్సు ఉండి తీరాలని ఎందుకు అనుకోకూడదు?

జవాబు: వాలెస్ గురించి మీరు విన్నది నిజం. 1858 జులై 1న లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో ఇద్దరి రచనలనూ కలిపి చదివారు. పదకొండేళ్ళు తిరగకుండానే, 1869లో, వాలెస్ ఒక పత్రికా వ్యాసంలో మనిషి మెదడును ప్రకృతి వరణం నుంచి మినహాయించాడు. అడవులలో జీవించే తెగల ప్రజల మెదడు యూరప్ పండితుల మెదడుకు ఏమాత్రం తీసిపోదు. అయినా ఉన్నత గణితం, తత్త్వచింతన వారి బతుకుకు అక్కరలేదు. అవసరానికి మించినదాన్ని ప్రకృతి వరణం ఇవ్వలేదు కనుక అది ఒక ఉన్నత ప్రజ్ఞ చేసిన ఏర్పాటు. ఇదీ ఆయన తర్కం. తన కాపీ అంచున డార్విన్ ‘కాదు’ అని రాసి మూడు గీతలు గీశాడు. మనిద్దరి బిడ్డను మీరు పూర్తిగా చంపేయలేదనే ఆశిస్తున్నానని అంతకుముందే ఉత్తరం కూడా రాశాడు.

మలయా ద్వీపాలలో ఎనిమిదేళ్ళు తిరిగి, అక్కడి ప్రజలను తనతో సమానమైన బుద్ధి కలవారిగా చూడగలిగిన వాలెస్ ఆ విషయంలో తన సమకాలికులలో చాలామంది కంటే మెరుగు. కాని జంతువు జాడను పసిగట్టడానికీ, బంధుత్వాలూ మాట పట్టింపులూ నిండిన గుంపులో నెగ్గుకురావడానికీ ఎంత బుద్ధి ఖర్చవుతుందో ఆయన లెక్కలోకి తీసుకోలేదు. అందుకోసం పెరిగిన మెదడు తర్వాత గణితానికి పనికివస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. ఈనాటి ఉపయోగాన్నే పుట్టుకకు కారణంగా తీసుకోవడం కశాభం విషయంలో జరిగిన పొరపాటే.

ఇక మీ ప్రశ్నలోని రెండవ సగం, అంటే అనుభవం అసలు ఎందుకు ఉందన్నది, వేరే ప్రశ్న. గుర్తుపెట్టుకోవడం, పోల్చడం, నిర్ణయించడం వంటి సామర్థ్యాలు ఎలా వచ్చాయో వివరించినంత మాత్రాన, వాటితోపాటు లోపల ఒక అనుభూతి ఎందుకు ఉండాలో తెలియదు. 1995లో డేవిడ్ చామర్స్ అనే తత్త్వవేత్త ‘కఠిన సమస్య’ అన్నది దీనినే. మనస్సునూ బుద్ధినీ అహంకారాన్నీ ప్రకృతి వికారాలుగానే లెక్కగట్టి, చైతన్యాన్ని మాత్రం పురుషుడికి, అంటే ప్రకృతికి వేరైన ఆత్మకు, విడిచిపెట్టిన మన ప్రాచీన దర్శనకారులు సాంఖ్యులు గీసిన గీత కూడా ఇంచుమించు ఇక్కడే ఉంది. ఆ సమస్య ఈనాటికీ తీరలేదు. అయితే తీరని సమస్యను మహామనస్సుకు రుజువుగా చూపడం కుదరదు. భౌతికవాదాన్ని నిరాకరించే చామర్స్ సైతం చైతన్యానికి ప్రకృతి నియమాలనే వెతుకుతారు. 2012లో డార్విన్ వాదం మనస్సును వివరించలేదని పుస్తకమే రాసిన థామస్ నేగెల్ నాస్తికుడు. రూపకర్త ఉన్నాడన్న మాటను ఆయన స్వీకరించలేదు.

పైగా మీరు సూచించిన పరిష్కారంలో ఒక పీటముడి ఉంది. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్, ఆత్మ దేహానికి వేరన్న ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్‌కు రాసిన ఉత్తరంలో సూటిగా అడిగింది: స్థలాన్ని ఆక్రమించని, దేనినీ తాకలేని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుంది? ఆయన ఇచ్చిన జవాబులు ఆమెను తృప్తిపరచలేదు. ఇదే ప్రశ్నను బ్యాక్టీరియా రూపకర్త గురించి వేయండి. భౌతికం కాని ఒక మనస్సు డీఎన్ఏ పోగులో ఒక అక్షరాన్ని తీసి మరొకటి ఎలా పెట్టింది? మన మనస్సు చేయి ఎత్తడమే అర్థం కాని స్థితిలో, దానిని నమూనాగా పెట్టుకుని కశాభానికి కారణం చెబితే, తెలియనిదానిని మరింత తెలియనిదానితో వివరించినట్లవుతుంది.

ప్రశ్న: మెదడు రేడియో వంటిదనీ, మనస్సు ఎక్కడి నుంచో వచ్చే ప్రసారమనీ, పెట్టె చెడితే పాట ఆగినంత మాత్రాన పాట పెట్టెలో పుట్టిందనలేమనీ అంటారు. దీనికి మీ సమాధానం?

జవాబు: పోలిక చక్కనిదే. ప్రఖ్యాత నాడీశస్త్ర వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ కూడా మనస్సు మెదడుకు వేరని మొగ్గారు. మెలకువగా ఉన్న రోగుల మెదడును విద్యుత్తుతో తాకితే చేయి కదిలింది, పాత జ్ఞాపకం మెదిలింది. కాని ‘నేను నిర్ణయించుకున్నాను’ అన్న భావనను మాత్రం పుట్టించలేకపోయానని ఆయన వాదన.

అయితే మెదడు శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ పరిశోధనలను ఆ పోలిక పక్కన పెట్టి చూడండి. వాటికే ఆయన 1981 నోబెల్ బహుమతిలో భాగం పొందారు. తీవ్రమైన మూర్ఛను అదుపు చేయడానికి మెదడు రెండు అర్ధభాగాలను కలిపే నాడీ వంతెనను కోసిన రోగులకు, చూపుకు ఎడమ పక్కన ఒక వస్తువు బొమ్మను క్షణకాలం చూపించారు. ఏమి చూశారని అడిగితే ఏమీ లేదన్నారు, ఎందుకంటే ఆ బొమ్మ చేరింది మాట్లాడలేని కుడి సగానికి. అదే సమయంలో వారి ఎడమ చేయి, తెర వెనుక తడుముకుంటూ, సరిగ్గా ఆ వస్తువునే ఎంచింది. రేడియోను రెండుగా కోస్తే శబ్దం పాడవుతుంది, స్టేషన్‌లో పాడే మనిషి ఒకదానికొకటి తెలియని రెండు ఎరుకలుగా చీలిపోడు. ప్రసారవాదాన్ని నిలబెట్టదలచినవారు ఈ చీలికకు సంజాయిషీ చెప్పాలి. అయితే స్పెర్రీ మనస్సును నాడీకణాల స్థాయికి కుదించలేదనీ, మెదడు మొత్తంలో ఉద్భవించి తిరిగి దానినే ప్రభావితం చేసే శక్తిగా భావించారనీ కూడా చెప్పాలి.

ప్రశ్న: పరిణామాన్ని అంగీకరిస్తే ఆత్మను వదులుకోవలసిందేనా?

జవాబు: అక్కరలేదు. 1996లో పోప్ రెండవ జాన్ పాల్ పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ స్థాయిని దాటిందని ప్రకటిస్తూనే, ఆత్మను దైవమే నేరుగా సృష్టిస్తాడన్న తమ మత బోధను నిలుపుకున్నారు. భౌతికం నుంచి ఆత్మికానికి జరిగే మార్పు శాస్త్ర పరిశీలనకు దొరకదని కూడా ఆయనే చెప్పారు. ఆ బోధ బలాబలాలను తత్త్వశాస్త్రంలో తేల్చుకోవాలి. శిలాజాలలోనో, కశాభంలోనో దానికి సాక్ష్యం వెతకవలసిన అగత్యం దానిని నమ్మేవారికే లేదు.