నాలుగేళ్ల పాప ఇంగ్లీషు ఉచ్చారణ గురించి

సోదరి గారూ, నమస్కారం. ఎల్‌కేజీ చదివే మీ పాప 'స్కూల్'ను 'ఇస్కూలు' అంటోందనీ, 'జూ'ను 'గంగమ్మ జాతర'లోని 'జ'తో పలుకుతోందనీ రాసి, ఇంట్లో తెలుగు మానేయాలా అని అడిగారు. మానవద్దు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక మన పిల్లలు 'బస్' చివర ఉకారం చేర్చడం కూడా సహజమే, అది లోపం కాదు.

'ఇస్కూలు' పోవాలంటే ముందు 'స్‌స్‌స్' అని సాగదీయించి, ఊపిరి ఆపకుండా 'కూల్' కలిపించండి. 'జూ' కోసం అదే 'స్‌స్‌స్'కు గొంతు కలపమనండి. మెడపై వేలు పెట్టుకుంటే అదురు తెలుస్తుంది, నాలుక కొన మాత్రం అంగిలిని తాకకూడదు. తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉంది కాబట్టి ఈ మాటను పదేపదే అనిపించడానికి సాకు వెతుక్కోనక్కరలేదు. 'ఫ్యాన్' వంటి వాటికి పై పళ్లు కింది పెదవికి ఆనితే చాలు.

పాప 'ఐ గోడ్ టు పార్క్' అంటే తప్పని ఆపకుండా, 'ఓహో, యూ వెంట్ టు ది పార్క్!' అని సరైన రూపాన్ని మీరే తిరిగి పలకండి. కూర్చోబెట్టి వల్లె వేయించడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. 'థింక్'లోని మొదటి ధ్వని ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలకే ఆలస్యంగా వస్తుంది. అయితే పాప తెలుగు మాటలు కూడా బయటివారికి అర్థం కాకపోతే, రుయా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి.