టెక్ సందేహాలు: కంట్రోలర్ 6.6 చూపుతున్నా చేపలకు ఊపిరి ఎందుకు ఆడటం లేదు?

ప్రశ్న: మా ఇంట్లో 120 లీటర్ల మొక్కల అక్వేరియం ఉంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు కరెంటుతో తెరుచుకునే సొలినాయిడ్ వాల్వు, దానికి నీటి పీహెచ్‌ను ప్రోబ్‌తో కొలిచి ఆ వాల్వును నడిపే పీహెచ్ కంట్రోలర్ అమర్చి, ఒక యూట్యూబ్ వీడియోలో చెప్పినట్లు 6.6 దగ్గర సెట్ చేశాను. ఎప్పుడు చూసినా 6.6 చూపుతోంది. ట్యాంకు నీళ్లు పోసి చుక్కల మందు కలిపిన డ్రాప్ చెకర్ (కరిగిన గ్యాస్‌ను రంగుతో చూపే చిన్న గాజు బుడ్డి) కూడా ఆకుపచ్చగానే ఉంది. అయినా టెట్రా చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సిలిండర్ కూడా త్వరగా ఖాళీ అవుతోంది. మాది ఎక్కువగా బోరు నీరు, కిట్‌తో కొలిస్తే కేహెచ్ 12 వచ్చింది. కొత్త ప్రోబ్ కొనాలా?
– కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొనకండి. ముందు గ్యాస్ కట్టేసి, ఎయిర్ పంపు వేసి, ఫిల్టర్ నుంచి వచ్చే ధార నీటి ఉపరితలాన్ని బాగా కదిలించేలా తిప్పండి. చేపలు తేరుకోకపోతే మూడో వంతు నీరు మార్చండి. అయితే బోరు నుంచి అప్పుడే తోడిన నీటిలోనూ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి, కొన్ని గంటలు గాలి తగిలిన నీటినే వాడండి.

మీరు రాసిన వివరాలను బట్టి ప్రోబ్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. చిక్కల్లా అది కొలిచేది కార్బన్ డయాక్సైడ్‌ను కాదు, నీటి ఆమ్లత్వాన్ని మాత్రమే. నీటిలో కరిగిన గ్యాస్ కొంత కార్బోనిక్ ఆమ్లంగా మారి పీహెచ్‌ను దించుతుంది, నీటిలోని బైకార్బొనేట్లు ఆ దిగుడును అడ్డుకుంటాయి. ఆ అడ్డుకునే శక్తికి కొలమానమే కేహెచ్. అందువల్ల ఒకే పీహెచ్ దగ్గర, కేహెచ్ ఎంత ఎక్కువగా ఉంటే కరిగిన గ్యాస్ అంత ఎక్కువగా ఉన్నట్లు లెక్క. పీహెచ్ 7 దగ్గర కేహెచ్‌ను 3తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల్లో గ్యాస్ ఎంతో సుమారుగా తెలుస్తుంది. అక్కడి నుంచి పీహెచ్ 0.3 తగ్గిన ప్రతిసారీ ఆ విలువ దాదాపు రెట్టింపవుతుంది.

కేహెచ్ 4 ఉన్న నీటిలో 6.6 అంటే సుమారు 30 మిల్లీగ్రాములు. మొక్కల ట్యాంకులకు చాలామంది లక్ష్యంగా పెట్టుకునేది అదే. మీ వీడియోలోని ట్యాంకు నీరు బహుశా అలాంటిదే అయి ఉంటుంది. కేహెచ్ 12 ఉన్న మీ నీటిలో అదే 6.6 అంటే సుమారు 90, చేపలకు ఊపిరాడనిది అందుకే. కంట్రోలర్ మీరు చెప్పిన అంకెను నమ్మకంగా నిలబెట్టింది, ఆ అంకె మాత్రం మీ నీటిది కాదు. మీ నీటికి 7.1 దగ్గర 29 వరకు వస్తుంది. మొదట 7.2తో, అంటే సుమారు 23తో మొదలుపెట్టి, చేపల తీరు చూసుకుంటూ దిగండి.

మరి డ్రాప్ చెకర్ ఎందుకు పట్టుకోలేదు? దానిలో మీరు పోసింది ట్యాంకు నీరే కాబట్టి. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెబుతున్నారంటే, ఒకరి నోట విన్నదే మరొకరు చెబుతూ ఉండవచ్చు. ఆ చిన్న గాజు బుడ్డిలోని ద్రవానికీ ట్యాంకు నీటికీ మధ్య గాలి ఖాళీ పెట్టిందే, గ్యాస్ ఒక్కటే దాటి వచ్చి, కేహెచ్ కచ్చితంగా తెలిసిన వేరే నీటిలో కరగాలని. ఆ నీటి కేహెచ్ 4 అయితేనే చుక్కల మందులోని బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగుమందు చూపే ఆకుపచ్చకు 30 అనే అర్థం వస్తుంది. మీ ట్యాంకు నీటితో ఆ రంగు 90 దగ్గర వచ్చింది.

ఆ ద్రావణాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరులో 1.2 గ్రాముల వంట సోడా పూర్తిగా కరిగించండి. దానిలోంచి 100 మిల్లీలీటర్లు తీసి, మరో 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే కేహెచ్ 4 నీరు సిద్ధం. బేకింగ్ పౌడర్ మాత్రం పనికిరాదు. బుడ్డి వెనుక తెల్ల కాగితం పెట్టి రంగు చూడండి. ఆ రంగు రెండు గంటల వెనకటి పరిస్థితిని చూపుతుందని గుర్తుంచుకోండి, చేపలు అంతకంటే ముందే చెబుతాయి.

సిలిండర్ త్వరగా అయిపోవడానికీ మూలం ఈ అమరికలోనే ఉంది. వెలుగు లేని వేళ మొక్కలు గ్యాస్‌ను వాడుకోవు. అయినా టైమర్ లేని కంట్రోలర్ రాత్రంతా వాల్వు తెరిచి మూసి 6.6ను కాపాడుతూనే ఉంటుంది. నా అభిప్రాయంలో పీహెచ్ కంట్రోలర్‌ను రోజువారీ సారథిగా కాక, ప్రమాదంలో ఆపే బ్రేకుగానే వాడాలి. సొలినాయిడ్‌ను టైమర్‌కు కలిపి, లైటు వెలగడానికి గంటన్నర ముందు తెరుచుకుని, లైటు ఆరడానికి గంట ముందు మూసుకునేలా పెట్టండి. బుడగల వేగాన్ని నీడిల్ వాల్వుతో సరిచేయండి. పీహెచ్ 7.1 కంటే దిగితే మాత్రమే కంట్రోలర్ అడ్డుపడాలి.

ఇంకొక చిక్కు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు ప్రత్యేకం. సంపులోకి ఒక వారం మంజీరా నీరో కృష్ణా నీరో వస్తుంది, మరుసటి వారం బోరు, ఎండాకాలంలో ట్యాంకరు. నీరు మార్చిన ప్రతిసారీ కేహెచ్ మారితే, మీ 7.1 అర్థమూ మారిపోతుంది. కాబట్టి నీరు మార్చాక చుక్కల కిట్‌తో కేహెచ్ చూడటం తప్పనిసరి. ఆర్‌ఓ మెకానిక్ చూపించే టీడీఎస్ మీటర్ ఈ పనికి చాలదు, ఎందుకంటే క్లోరైడ్లు, సల్ఫేట్లు సహా అన్ని లవణాలనూ కలిపి చూపే ఆ అంకెలో బైకార్బొనేట్ వాటా ఎంతో తెలియదు. స్థిరత్వం కావాలంటే మీ బోరు నీరు ఒక వంతుకు ఆర్‌ఓ నీరు రెండు వంతులు కలపండి, కేహెచ్ 4 దగ్గరకు వస్తుంది. అయితే ఆ మార్పును కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా చేయండి, పాత 6.6 సెట్టింగ్ అప్పుడే మీకు పనికొస్తుంది. ట్యాంకులో మాను దుంగలు ఉంటే వాటి నుంచి దిగే ఆమ్లాలు కూడా పీహెచ్‌ను తగ్గిస్తాయి కాబట్టి, ఈ లెక్క ఉన్నదానికంటే ఎక్కువ గ్యాస్‌ను చూపుతుంది.

ప్రోబ్‌ను నెలకోసారి 7.00, 4.01 బఫర్ ద్రావణాలతో క్యాలిబ్రేట్ చేయండి. ఆరనివ్వకండి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి దాచకండి. దానికి పొటాషియం క్లోరైడ్ ద్రావణమే కావాలి. సిలిండర్ గేజిని నమ్మి గ్యాస్ లెక్క వేసుకోవద్దు, లోపల ద్రవం ఉన్నంతసేపూ ఒత్తిడి దాదాపు అలాగే ఉంటుంది. తూకమే సరైన కొలత.

ప్రశ్న: గది గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే చిన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ నా దగ్గర ఉంది. దాన్ని ఆర్డ్యూయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు కలిపి అక్వేరియంలో వాడవచ్చా?
– విజయవాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: నీటిలో ముంచితే పాడైపోతుంది. నీటితో గ్యాస్ మాత్రమే మార్పిడి జరిగే మూసిన గాలి గదిలో పెట్టి కొలవడం సిద్ధాంతరీత్యా సరైన ఆలోచనే, పైగా కేహెచ్‌తో పని ఉండదు. కానీ లీటరుకు 30 మిల్లీగ్రాములు కరిగిన నీటిపై అలాంటి గదిలో గ్యాస్ సుమారు 2 శాతానికి, అంటే 20,000 పీపీఎంకు చేరుతుంది. ఇంటి గాలికి ఉద్దేశించిన సెన్సర్లు చాలావరకు 5,000 దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి మీ సెన్సర్ డేటాషీట్‌లో గరిష్ఠ పరిమితి చూడండి. శాతాల్లో కొలిచే రకం కాకపోతే ప్రయత్నం వృథా. అలాంటిది సంపాదిస్తే, సెన్సర్‌పై తేమ గడ్డకట్టకుండా నీటి ఆవిరిని అడ్డుకునే ఏర్పాటు కూడా చేసుకోవాలి.