‘తాగుతారా?’ అని అడగడానికి డిగ్రీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం. మద్యం, మత్తుమందుల వాడకం మీద సర్వేలు చేసే రంగంలోకి పోతానంటోంది. ఇంటింటికీ తిరిగి తాగుతారా అని అడిగేదానికి ఇంత చదువెందుకు?
– ఒక తండ్రి, గుంతకల్లు

జవాబు: అట్లా అడిగితే వచ్చే జవాబు దేనికీ పనికిరాదండీ, చదువు కావాల్సింది అందుకే. జీవితంలో ఎప్పుడైనా, గత 12 నెలల్లో, గత 30 రోజుల్లో... ఈ మూడూ మూడు వేర్వేరు లెక్కలు. జాతరకు మాత్రమే తాగే మనిషి మొదటి రెండింట్లో ఉంటాడు, మూడోదాంట్లో జారిపోతాడు.

ఇక ఎంత తాగారన్నది. మనవైపు ‘ఒక క్వార్టరే’ అంటారు. 180 మిల్లీలీటర్ల విస్కీలో 42.8 శాతం ఆల్కహాల్. అంటే 77 మిల్లీలీటర్లు; దాన్ని ఆల్కహాల్ సాంద్రత 0.789తో గుణిస్తే దాదాపు 61 గ్రాములు. తాగుడు అలవాటు ఎంత ముదిరిందో తేల్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఆడిట్’ ప్రశ్నావళి లెక్కకు ఒక డ్రింకు 10 గ్రాములు, అంటే ఆరు డ్రింకులు. సర్వేయరు ‘ఒకటి’ అని రాసుకుంటే, తాగిన రోజు ఎన్ని డ్రింకులని అడిగే రెండో ప్రశ్నకు 2 మార్కులు పడాల్సిన చోట సున్నా పడుతుంది. మొత్తం 40లో 8 వస్తేనే ప్రమాదకరమైన తాగుడు కింద లెక్క, కాబట్టి ఆ రెండూ చిన్నవి కావు.

ఎవరిని అడగాలన్నది ఇంకో తలనొప్పి. ఇంట్లో ఒకరిని కిష్ పట్టికతో, అంటే సర్వేయరు ఇష్టానికి వదలకుండా ఎవరిని అడగాలో ముందే తేల్చే పట్టికతో ఎంచాలి. పగలు పోతే మగవాళ్లు చేన్లో ఉంటారు, సర్వేయరు వాకిట్లో ఉన్న అవ్వనే అడిగి వచ్చేస్తాడు. సాయంత్రం మళ్లీ పోవాల్సిందే. పక్కన అత్తగారు కూర్చుంటే కోడలు నోరు విప్పదు.

తాగేవాళ్లు 25 శాతం ఉంటారనుకుని, 5 శాతం అటూఇటుగా తేల్చడానికి 288 మంది చాలు. ఊళ్లవారీగా గుంపులుగా తీస్తాం, ఒకే ఊరివాళ్ల అలవాట్లు ఒకేలా ఉండొచ్చు కాబట్టి రెట్టింపు చేసి 576. సూదిమందుకు అలవాటుపడ్డవాళ్లు ఇంటింటి సర్వేకు చిక్కరు. కొందరితో మొదలుపెట్టి, తలా మూడు కూపన్లిచ్చి, వాళ్ల ద్వారా తోటివాళ్లను పిలిపించాలి. 2019లో నివేదిక వెలువరించిన ఎయిమ్స్ బృందం 2,00,111 ఇళ్లతోపాటు ఈ దారిలో వేలమందినీ కలిసింది.

క్షేత్రస్థాయి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. స్థిరంగా ఉండాలంటే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ లేదా బయోస్టాటిస్టిక్స్ చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల నోడల్ సంస్థ అయిన ముంబయి ఐఐపీఎస్ (ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్) మంచి చోటు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు ఆమె డిగ్రీతోనే రాయవచ్చు. లెక్కల విశ్లేషణకు వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ ఇప్పట్నుంచే నేర్చుకోమనండి.

ఈ సెలవుల్లో ఆడిట్‌లోని పది ప్రశ్నల్ని అనంతపురం మాటల్లోకి మార్చి, ఎరగని ఇరవై మందిని అడిగి చూడమనండి. ఫారం మీద పేరు రాయకూడదు. ‘డ్రింకు’ అన్నచోట గ్లాసు, క్వార్టరు బొమ్మలు చూపిస్తే జవాబులు ఎంత మారతాయో ఆమెకే తెలుస్తుంది.